బొమ్మ వెనుక చరిత్ర

గొలుసు పట్టాలపై నడిచే కవచ వాహనాలైన యుద్ధ ట్యాంకుల సచిత్ర చరిత్రలను చదివేవారిలో కొందరు కవచపు మందం, ఫిరంగి కొలతల విషయంలో కచ్చితత్వాన్ని కోరుతుండగా, మరికొందరు ఆ ఉక్కు గూటిలో ఇరుక్కుని పోరాడిన సిబ్బంది గాథకు చోటు దక్కలేదని ఆక్షేపిస్తుంటారు. రెండు వాదాలూ సమంజసమే. 1916 సెప్టెంబరు 15న సోమ్ పోరులో బ్రిటిష్ సైన్యం తొలిసారి దింపిన ట్యాంకు మొదలు, గుండు తాకిడిని పక్కకు మళ్లించేలా కవచాన్ని ఏటవాలుగా అమర్చిన సోవియట్ టి-34 వరకు, ప్రతి నమూనా వెనుకా కర్మాగారాల, ఇంధనపు, మరమ్మతుల చరిత్ర ఉంది. 88 మిల్లీమీటర్ల ఫిరంగి గల జర్మన్ టైగర్-1 చిత్రాల్లో ఎంత భీకరంగా కనిపించినా, అవి సుమారు 1,350 మాత్రమే తయారవగా, అమెరికా షెర్మన్ ట్యాంకులు దాదాపు 50,000 రూపొందాయన్న వాస్తవాన్ని వివరించని గ్రంథం అందమైన చిత్రమాలికగా మిగులుతుందే తప్ప చరిత్ర కాజాలదు.