గుండీ పెట్టుకొనుట బిడ్డ పని

ఛత్తీస్‌గఢ్ రాజధానియగు రాయపూర్‌లో పండరీ బట్టల బజారు పేరు వినని గృహిణి యుండదు. పండుగ వచ్చినచో తల్లిదండ్రులచ్చట బిడ్డలకు కొత్త చొక్కాలు కొందురు. ఆ చొక్కా డౌన్ సిండ్రోము గల బిడ్డ కొరకైనచో, దాని గుండీలు ఎవరు పెట్టవలెను? తల్లియా, బిడ్డయా? ఈ ప్రశ్న స్వల్పముగా తోచును గాని, పెద్దయైన పిమ్మట ఆ బిడ్డ ఎంతవరకు పరాధీనుడై యుండునను విషయము దీనిలో ఇమిడియున్నది.

ఈ స్థితిని 1866లో ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ వర్ణించెను. శరీర కణములలో 21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడుండుటయే దీనికి కారణమని 1959లో ఫ్రాన్సు దేశమున వెల్లడియైనది. ఇది తల్లి చేసిన తప్పు కాదు, శాపమును కాదు. ఇట్టి బిడ్డల కండరములలో బిగువు తక్కువ, కీళ్లు వదులు, వ్రేళ్లు పొట్టి. అందుచే చేతిపనులు ఆలస్యముగా అలవడును. ఆలస్యముగా వచ్చునది రానిదని భావించుటయే పెద్ద పొరపాటు.

ఇంటివారు జాలితో అన్నము కలిపి నోట పెట్టుదురు, చెప్పులు తొడుగుదురు, గుండీలు పెట్టుదురు. ఈ ప్రేమయే బిడ్డ చేతులకు పని లేకుండ చేయుచున్నది. బడివేళ మించుచుండగా తల్లి ఎట్లు వేచియుండగలదని కొందరడుగవచ్చును. ఆ మాట న్యాయమైనదే. కావున మొదట పనియంతయు తల్లియే చేసి, చివరి మెట్టు మాత్రము బిడ్డకు విడువవలెను. గుండీని కాజాలో సగము దూర్చి, రెండవవైపున లాగుట బిడ్డకు వదలవలెను. అది అలవడిన పిదప దానికి ముందటి మెట్టు నేర్పవలెను. ప్రతి దినము పని ముగించిన తృప్తి బిడ్డకే దక్కును.

ఆక్యుపేషనల్ థెరపీ యనగా నిత్యకృత్యముల ద్వారా జరుపు చికిత్స. భారతదేశమున దీనికి మొదటి పాఠశాలను 1950లో బొంబాయియందు కమలా నింబకర్ నెలకొల్పిరి. దీనికి ఖరీదైన ఆటవస్తువులు అక్కరలేదు. చపాతీపిండి పిసుకుట, తడిగుడ్డ పిండుట, దండెముపై బట్టలకు క్లిప్పులు పెట్టుట వ్రేళ్లకు బలమిచ్చును. బఠానీలు ఒలుచుట, పెద్ద పూసలు గ్రుచ్చుట బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని పొందిక నేర్పును. గుడ్డముక్కపై పెద్ద గుండీలు కుట్టి, వెడల్పైన కాజాలు తీసినచో అదియే మంచి పాఠ్యపుస్తకము. మాటలతో చెప్పుటకంటె చేసి చూపుట మేలు. ఇట్టి బిడ్డలు విని నేర్చుకొనుటకంటె చూచి సులభముగా నేర్చుకొందురు. కూర్చున్నప్పుడు పాదములు నేలకానవలెను. పది నిమిషములు చాలును. విసుగు రాకముందే ఆపవలెను.

కొన్ని జాగ్రత్తలును గలవు. వస్తువులను నోట పెట్టుకొను బిడ్డకు పూసలు, గింజలు ఈయరాదు. ఇట్టి బిడ్డలలో సుమారు సగముమందికి పుట్టుకతో గుండెలోపము ఉండును. కొందరికి మెడ ఎముకల కూడిక వదులుగా నుండును. కనుక వైద్యుని సలహా లేనిదే పిల్లిమొగ్గలు మొదలగు కసరత్తులు చేయింపరాదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టుక నుండి 18 సంవత్సరముల వరకు పరీక్షించు స్థితులలో డౌన్ సిండ్రోము ఒకటి. రాయపూర్ తల్లిదండ్రులు పండరీలోని జిల్లా ఆసుపత్రిలో దీనిని గురించి విచారింపవచ్చును. బిడ్డ పసితనముననే పోవుట మేలు. ఏ పని ముందు, ఏ పని వెనుక యని నిపుణులు నిర్ణయింతురు. కాని వారు బిడ్డను చూచునది వారమునకు ఏ గంటయో. తక్కిన కాలమంతయు ఇంటిదే.

వంకరగా పెట్టిన గుండీయైనను బిడ్డ పెట్టుకొన్నదే అందమైనది. దానిని సరిదిద్దుటకు చేయి చాపకముందు తల్లి ఒక్కక్షణము ఆగవలెను. ఆ ఆగుటయే ఆమె చేయగల చికిత్స.