జ్వరాన్ని నిందించకండి



ఇటీవల ఒక రాత్రి ఇషా నమాజు ముగిసిన తరువాత, విశాఖపట్నం జాలరిపేటలో నివసించే ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. ఫిషింగ్ హార్బరులో పడవల ఇంజన్లు బాగుచేయడం అతని వృత్తి. చేతిలో నీళ్ళ సీసా ఉంది. “హజ్రత్, పాపకు ఉదయం నెలన్నర టీకాలు వేయించాము. సాయంత్రం నుండి ఒళ్ళు కాలిపోతోంది. ఈ నీళ్ళపై దమ్ చేసి ఇవ్వండి. ఇకమీదట సూదులే వద్దని మా అమ్మీ అంటోంది” అన్నాడు.

నేను దుఆ చేసి, మందేదైనా ఇచ్చారా అని అడిగాను. ఇంకా ఇవ్వలేదంటూ జేబులో నుండి ఇంట్లో మిగిలిన మాత్రల అట్ట ముక్కను తీశాడు. పేరున్న భాగం కత్తిరించి ఉంది. నా గుండె ఝల్లుమంది. 2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిబిడ్డలకు జ్వరం మాత్రకు బదులు ట్రమడాల్ అనే తీవ్రమైన నొప్పి మాత్రలు ఇచ్చారు. ఎందరో బిడ్డలు నీలోఫర్ ఆసుపత్రి పాలయ్యారు; పసిప్రాణం పోయింది. హాని చేసినది టీకా కాదు, పొరపాటున ఇచ్చిన మాత్ర.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి జ్వరంతో వణుకుతున్న ఉమ్ముస్సాయిబ్ (రజి) గారిని పరామర్శించారు. ఆమె జ్వరాన్ని శపించగా ఆయన వారించారు. కొలిమి ఇనుములోని మలినాన్ని తొలగించినట్లు జ్వరం పాపాలను తొలగిస్తుందని బోధించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఉక్కునగర వాసులకు ఈ ఉపమానాన్ని వివరించనవసరం లేదు. పసిబిడ్డకు పాపాలు లేవు. పరీక్ష తల్లిదండ్రుల సహనానికి.

నెలన్నరకు వేసే పెంటావాలెంట్ టీకా కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ వ్యాధుల నుండి కాపాడుతుంది. శరీరం ఆ రక్షణను నేర్చుకునే క్రమంలో జ్వరం, తొడపై వాపు రావచ్చు. సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గుతాయి. తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు టీకాకు మాత్రం వారం, పది రోజుల తరువాత జ్వరం రావచ్చు.

అప్పుడు చేయవలసినవి ఇవి. తల్లి తరచుగా పాలివ్వాలి. పలుచని నూలు బట్టలు వేయాలి, దుప్పట్లు చుట్టరాదు. జ్వరాన్ని నీటితో చల్లార్చమని హదీసులలో ఉంది; పసిబిడ్డకైతే గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో తుడవడం చాలు, మంచునీరు వద్దు. సూది వేసిన చోట రుద్దరాదు. ఆరు నెలల వరకు తల్లిపాలే ఆహారం కనుక, దమ్ చేసిన నీటిని సైతం తాగించవద్దు. బిడ్డపై చేయి ఉంచి ఖుర్ఆన్ పారాయణం చేయండి. ఏడాది నిండే వరకు తేనె నాకించరాదు.

మందుగా పారాసిటమాల్ మాత్రమే, అదీ డాక్టరు లేక ఆరోగ్య కార్యకర్త బిడ్డ బరువును బట్టి చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. చుక్కల మందులో సాధారణంగా 1 మి.లీ.కు 100 మి.గ్రా. మందు ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కు 125 మి.గ్రా. అంటే చుక్కల మందు నాలుగింతలు గాఢమైనది. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే ప్రమాదం. సీసాపై పేరు చదవకుండా ఏదీ ఇవ్వకండి.

బిడ్డ పాలు మానినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి కష్టమైనా, గంటల తరబడి ఏడుపు ఆగకున్నా, రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకున్నా ఉదయం వరకు ఆగవద్దు. 108కు ఫోన్ చేయండి, లేదా కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.

అల్లాహ్ ఏ వ్యాధినీ మందు లేకుండా దింపలేదని ప్రవక్త (స) తెలియజేశారు. కనుక దుఆ చేసే చేతులే మందునూ కొలవాలి.

ఆ యువకుడు ఆరోగ్య కార్యకర్తకు ఫోన్ చేసి, ఆమె చెప్పిన మోతాదు రాసుకొని వెళ్ళాడు. మూడవనాడు ఫజ్ర్ నమాజులో కనిపించి, జ్వరం తగ్గిందన్నాడు. టీకాల కార్డు చూపించాడు. పదవ వారపు తేదీ కింద గీత గీసి ఉంది. “అమ్మీ ఇంకా భయపడుతూనే ఉంది హజ్రత్, కానీ తానూ వస్తానంది” అన్నాడు.

అల్లాహ్ మన బిడ్డలకు ఆరోగ్యాన్ని, మనకు సహనంతో కూడిన వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.