కొత్త బండికి కట్టుదిట్టం, పాత బండికి కాగితం



ప్రభుత్వం పొగ నిబంధనలు బిగించిన ప్రతిసారీ తమ మీద కోట్ల భారం పడుతోందని, బండి ధర పెరుగుతోందని వాహన కంపెనీల వారు అంటారు. అది అబద్ధమని మేము అనము. భారత్ స్టేజ్ 4 నిబంధన హైదరాబాదుకు 2010లో, దేశమంతటికీ 2017 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ తరువాత 5ను వదిలేసి, 2020 ఏప్రిల్ 1 నుండి నేరుగా 6 అన్నారు. మూడేళ్లలో ఇంజన్లు మార్చడం చిన్న పనేమీ కాదు. బైకుల్లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. డీజిల్ కార్లకు మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది. మారుతి అయితే డీజిల్ కార్ల తయారీనే మానేసింది.

అయితే ఆ ఖర్చుకు దొరికినదేమిటో కూడా చెప్పాలి కదా. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 మిల్లీగ్రాముల నుండి 80కి, మసి పరిమితి 25 నుండి 4.5కి దిగింది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు స్టేజ్ 3 బండ్ల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుండి నిషేధించినప్పుడు కంపెనీల వద్ద 8 లక్షలకు పైగా బండ్లు మిగిలి ఉన్నాయి. ప్రజల ఆరోగ్యం ముందు వ్యాపార లాభం నిలవదని కోర్టు చెప్పింది. చివరి రెండు రోజులు షోరూముల్లో వేల రూపాయలు తగ్గించి అమ్మారు. మన జనం ఎగబడి కొన్నారు!

మా బాధ అక్కడే ఉంది. ఇంత గట్టి నిబంధన షోరూము గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. ఉప్పల్ రింగ్ రోడ్డు నుండి నాగోల్ వరకు సాయంత్రం వేళ చూడండి. పైన మెట్రో 2017 నుండి పొగ లేకుండా పోతోంది, కింద పాత బండ్లు మాత్రం నల్లగా ఊదుతూనే ఉన్నాయి.

నాచారం పారిశ్రామికవాడలో సరుకు తోలే ట్రాలీ ఆటో అన్న ఒకరు, ఒక చలికాలం రాత్రి ఆయాసపడుతున్న కూతుర్ని ఎత్తుకొని వచ్చారు. నెబులైజర్ పెట్టి, పాప కాస్త కుదుటపడ్డాక, పొగకు దూరంగా ఉంచమని మామూలుగా చెప్పే మాట చెప్పాము. "సిస్టరమ్మా, ఆ పొగ నా బండిదే గదా. కొత్తది కొనాలంటే పైసలేడికెళ్లి తేవాలె?" అన్నారు. మేము ఏమి చెప్పగలము? కంపెనీ తన భారాన్ని ధరలో కలిపి వసూలు చేసుకుంటుంది. ఈ అన్న తన భారాన్ని ఎవరి మీద వేస్తారు? చివరికి అది పాప ఊపిరితిత్తుల మీదే పడింది.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. మంచిదే. కానీ పన్ను మాఫీ బండి కొనగలిగిన వారికే పనికివస్తుంది. పాత డీజిల్ ఆటోను అప్పగించిన వారికి కొత్తదాని మొదటి చెల్లింపు సర్కారే కట్టాలన్నది మా అభిప్రాయం. కంపెనీలకు ఏళ్ల తరబడి గడువు ఇచ్చినప్పుడు, రోజు కూలి మీద బతికేవారికి ఆ మాత్రం చేయూత ఇస్తే తప్పేమిటి?

ఇక పొల్యూషన్ సర్టిఫికెట్. ఈ పరీక్షలో పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్ బండికి పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే లేదు. కొన్నిచోట్ల గొట్టంలో పరికరం పెట్టకుండానే కాగితం చేతికిస్తారని కూడా వింటుంటాము. అలా ఇస్తే తీసుకోకండి, పరీక్ష చేయమని అడగండి. స్టేజ్ 4, 6 బండ్లకు ఏడాదికోసారి, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలకోసారి చేయించాలి. మన కుర్రాళ్లు కొందరు మోత కోసం బైకు సైలెన్సర్ మార్పిస్తున్నారు. పొగను శుభ్రం చేసే భాగం చాలా బైకుల్లో అక్కడే ఉంటుంది. తల్లిదండ్రులు గమనించగలరు.

ఒక మనవి. రోగులను దించడానికి వచ్చేవారు మన ఆసుపత్రి గేటు దగ్గర ఇంజన్ ఆపండి. పిల్లల వార్డు కిటికీలు ఆ వైపుకే ఉన్నాయి.