'షుగర్ తగ్గింది' అంటే శుభవార్తేనా?

మన ఇళ్లలో 'షుగర్ తగ్గింది' అంటే శుభవార్త. తాతయ్య రిపోర్టు చూసి అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ ఇన్సులిన్ తీసుకుంటూ కాలేజీకి వెళ్లే కుర్రాడికో, అమ్మాయికో అదే మాట ప్రమాద సూచన. షుగర్ ఉన్నవారికి చక్కెర పెట్టకూడదని చిన్నప్పటి నుంచి విన్న మనం, చక్కెరే ప్రాణం కాపాడే ఆ పది నిమిషాల్లో చేతులు కట్టుకుని నిలబడిపోతాం. ప్లేస్‌మెంట్లు, పోటీ పరీక్షల సీజన్‌లో ఈ విషయం మాట్లాడుకోవాల్సింది అందుకే.

రక్తంలో గ్లూకోజ్ డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే లో షుగర్ అంటారు. 54 కంటే దిగితే పరిస్థితి తీవ్రమైనట్టే. మెదడుకు ప్రధాన ఇంధనం గ్లూకోజే. అది చాలకపోతే ముందు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడ, విపరీతమైన ఆకలి. తర్వాత చిరాకు, మాట తడబాటు. చదివిన ప్రశ్నే మళ్లీ చదువుతుంటారు, అర్థం కాదు. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ రావొచ్చు, స్పృహ తప్పొచ్చు.

టిఫిన్ మానేసి కళ్లు తిరిగిన ప్రతిసారీ 'షుగర్ డౌన్ అయింది' అనేస్తుంటాం. ఆరోగ్యవంతుల్లో కాలేయం తన నిల్వల నుంచి గ్లూకోజ్‌ను విడుదల చేస్తూ ఉంటుంది. అందువల్ల ఒక్క పూట తినకపోతే నీరసం వస్తుందేమోగానీ, అసలైన లో షుగర్ రావడం అరుదు. తరచూ అలా అవుతుంటే ఊహలు కట్టిపెట్టి గ్లూకోమీటర్‌తో చూడండి, డాక్టర్‌ని కలవండి. ముప్పు ఎక్కువగా ఉండేది ఇన్సులిన్ వేసుకునేవారికి, షుగర్‌కు కొన్ని రకాల మాత్రలు వాడేవారికి. టైప్-1 డయాబెటిస్ ఉన్న విద్యార్థికి ఇన్సులిన్ తప్పదు. అది స్వీట్లు తిని తెచ్చుకున్న జబ్బు కాదు. ఒంట్లోని రోగ నిరోధక వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీయడం వల్ల వచ్చేది.

చిక్కు ఎక్కడంటే, ఒకసారి వేసుకున్న ఇన్సులిన్‌కు ఇంటర్వ్యూ ఆలస్యమైందని తెలియదు. మార్కాపురం నుంచో, అద్దంకి నుంచో తెల్లవారుజామున బస్సెక్కి గుంటూరులో పరీక్షకు వెళ్లే రోజును ఊహించుకోండి. ఇన్సులిన్ వేసుకుని హడావుడిగా రెండు ఇడ్లీలు తింటారు. సెంటర్ దగ్గర క్యూ, తనిఖీ, బయోమెట్రిక్. మధ్యాహ్న భోజనం రెండు గంటలు వెనక్కి పోతుంది. షుగర్ మాత్రం పడిపోతూనే ఉంటుంది.

మన ప్రాంతంలో ఇంకో రెండు చిక్కులున్నాయి. మొదటిది ఎండ. మే నెలలో ఒంగోలు బస్టాండులో చెమటలు పట్టి తూలితే ఎవరైనా వడదెబ్బే అనుకుంటారు, ఉప్పు మజ్జిగో, గోలీ సోడానో చేతిలో పెడతారు. చక్కెర కలపకపోతే అవి లో షుగర్‌కు పనికిరావు. పైగా వేడికి ఇన్సులిన్ కొన్నిసార్లు త్వరగా ఒంటబడుతుంది. రెండోది పొలం పని. సెలవుల్లో పత్తి తీతకో, మిరప కోతకో ఇంట్లోవాళ్లతో వెళ్తే ఆ రోజు ఒళ్లు వంచిన ప్రభావం రాత్రి నిద్రలోనూ కనిపించవచ్చు. అలాంటి రోజుల్లో తిండి, ఇన్సులిన్ మోతాదు ఎలా మార్చుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. పడుకునే ముందు ఒకసారి షుగర్ చూసుకోండి.

చేయాల్సింది మాత్రం తేలిక. మూడు టీస్పూన్ల చక్కెర లేదా గ్లూకోజ్ పొడి, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించుకోవాలి. 70 దాటకపోతే మళ్లీ అంతే తీసుకోవాలి. కుదుటపడ్డాక ఏదైనా తినాలి. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల దాని చక్కెర నెమ్మదిగా ఒంటికి పడుతుంది. మొదటి మందు అది కాదు. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇదంతా పనిచేయాలంటే పక్కనున్నవారికి తెలియాలి. అక్కడే మనం తప్పటడుగు వేస్తున్నాం. ఉద్యోగం రాదేమోనని అబ్బాయిలు, సంబంధాలు కుదరవేమోనని అమ్మాయిల తల్లిదండ్రులు దాస్తారు. దాచిన చోట ఏమవుతుంది? మాట తడబడితే తాగాడనుకుంటారు. చిరాకు పడితే పొగరనుకుంటారు. హాస్టల్లో రూమ్మేట్ నిద్రపోతున్నాడనుకుని తలుపు వేసి వెళ్లిపోతాడు. ఊరంతటికీ చాటాల్సిన పని లేదు. రూమ్మేట్‌కి, ఇద్దరు స్నేహితులకి, ఒక లెక్చరర్‌కి చెప్పండి. చక్కెర పొట్లం బ్యాగులో ఏ అరలో ఉందో చూపించండి.

పరీక్ష హాలు విషయంలో దారి కొంత తెరుచుకుంది. 2017లో సీబీఎస్ఈ టైప్-1 డయాబెటిస్ ఉన్న 10, 12 తరగతుల విద్యార్థులు షుగర్ మాత్రలు, పండ్లు, నీళ్లు తెచ్చుకోవడానికి అనుమతించింది. జేఈఈ మెయిన్ సమాచార బులెటిన్లలోనూ డయాబెటిస్ ఉన్నవారు షుగర్ మాత్రలు, అరటి, ఆపిల్ లాంటి పండ్లు, పారదర్శకమైన నీళ్ల సీసా తెచ్చుకోవచ్చని ఉంటోంది; ప్యాక్ చేసిన చాక్లెట్లు, శాండ్‌విచ్‌లకు మాత్రం అనుమతి లేదు. మీరు రాసే పరీక్షలో నిబంధన ఏమిటో దరఖాస్తు రోజే చదవండి. డాక్టర్ సర్టిఫికెట్ హాల్ టికెట్‌తో పాటే పెట్టుకోండి.

ఉద్యోగాల్లో రైలు నడపడం, విమానం నడపడం, సైన్యం లాంటి వాటికి వైద్య ప్రమాణాలు కఠినంగా ఉంటాయి. నోటిఫికేషన్‌లో ఆ భాగం ముందు చూసుకుంటే ఏళ్ల శ్రమ వృథా కాదు. మిగతా వేల రకాల కొలువులకు ఇది అడ్డు కానక్కర్లేదు. వసీం అక్రమ్‌కు 1997లో డయాబెటిస్ అని తేలింది. రెండేళ్లకు, 1999 ప్రపంచ కప్‌లో ఆయన కెప్టెన్సీలోనే పాకిస్థాన్ ఫైనల్ ఆడింది.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 జాబితాలోని 21 వైకల్యాల్లో టైప్-1 డయాబెటిస్ లేదు. కాబట్టి ఈ విద్యార్థులకు చిన్న వెసులుబాటైనా పరీక్షలు నిర్వహించేవారి ఉత్తర్వు మీదే ఆధారపడుతోంది. నియామక సంస్థలు, యూనివర్సిటీలు ఆ ఒక్క వాక్యాన్ని హాల్ టికెట్ మీద తెలుగులో ముద్రిస్తే చాలు, గేటు దగ్గర గ్లూకోజ్ పొట్లం కోసం ఎవరూ బతిమాలుకోనక్కర్లేదు. కాలేజీలు ప్రతి బ్లాకులో ఒక గ్లూకోమీటర్, ఒక గ్లూకోజ్ ప్యాకెట్ ఉంచితే అయ్యే ఖర్చు ఒక ఫ్రెషర్స్ పార్టీ పూలదండలంత కూడా ఉండదు.

అంతవరకూ మీ వంతు మీరు చేయండి. జబ్బు లేనివారైతే, మీ బెంచీ మీద ఉన్నవారిలో ఎవరికైనా ఇన్సులిన్ ఉందేమో తెలుసుకోండి. ఉన్నవారైతే, ఈ రోజే ఒకరికి చెప్పండి.