రంగు వెలిసిన కోడిపిల్ల

గడచిన వేసవిలో మా అమ్మాయి ఒక గులాబిరంగు కోడిపిల్లను ఇంటికి తెచ్చింది. తట్టనిండా ఆకుపచ్చ, నారింజ, ఊదా రంగులు పూసిన పిల్లలను పెట్టుకుని వీధుల వెంట తిరిగే మనిషి దగ్గర కొన్నదది. "అమ్మా, ఇది పెద్దయ్యాక రోజూ గుడ్డు పెడుతుంది" అని ప్రకటించి, దానికి లక్ష్మి అని పేరు పెట్టింది. నా నిఘంటువుల బల్ల కింద ఒక అట్టపెట్టె వెలిసింది.

పెట్టా, పుంజా? ఆంగ్ల సాహిత్యం చదివి అనువాదాలతో కాలక్షేపం చేసే నాకు, ఆ భాషలో ఎదిగీ ఎదగని పెట్టకు ఒక మాట, పుంజుకు వేరొక మాట ఉన్నాయని తెలుసు. కళ్ళెదుటి ప్రాణికి ఏ మాట వర్తిస్తుందో మాత్రం తెలియలేదు.

జాతి ముందుగా బయటపడింది. కొన్ని వారాలలో గులాబి నూగు రాలి తెల్లని ఈకలు వచ్చాయి. పసుపుపచ్చని కాళ్ళు, రంపపు పళ్ళలా ఒకే వరుసగా లేచిన జుట్టు, తరువాత తెల్లబడిన చెవితమ్మె: ఇవి వైట్ లెగ్‌హార్న్ లక్షణాలు. ఇటలీలోని లివోర్నో రేవు పేరు ఆంగ్లేయుల నోట లెగ్‌హార్న్ అయింది. (ఊళ్ళ పేర్లను అనువదించేవారికి ఇది చిన్న ఊరట.) నాటుకోళ్ళలో ఇంత ఏకరూపత కానరాదు. ఒకే తల్లి కింద నల్లవి, ఎర్రవి, మచ్చలవి తిరుగుతుంటాయి. గోదావరి జిల్లాల పందెగాళ్ళు పుంజులను రంగును బట్టే కాకి, డేగ, నెమలి అని పిలుస్తారు.

ఇక రెండవ ప్రశ్న. కోసు గుడ్డులో పుంజు, గుండ్రని గుడ్డులో పెట్ట ఉంటుందని పక్కింటి పిన్నిగారి సిద్ధాంతం. అది నిజం కాదు. పక్షులలో పిల్ల ఆడదో మగదో తేల్చేది తల్లి అండమే. పెంకు ఏర్పడేనాటికే ఆ సంగతి ముగిసిపోతుంది. ఇంటివద్ద చూడదగిన గుర్తులు వేరే ఉన్నాయి. లెగ్‌హార్న్ వంటి జాతులలో ఐదారు వారాలకే పుంజుపిల్ల జుట్టు పెరిగి ఎర్రబడుతుంది. పెట్టది చిన్నదిగా, పాలిపోయి ఉంటుంది. అప్పటికీ సందేహముంటే పది పన్నెండు వారాలకు నడుము మీది ఈకలు చూడండి. పుంజుకు అవి సన్నగా, కొసదేలి మెరుస్తాయి. పెట్టకు కొసలు గుండ్రంగా ఉంటాయి. కాలి ముల్లును నమ్మవద్దు, చిన్నతనంలో దాని బొడిపె రెండింటికీ ఉంటుంది.

ఐదవ వారానికే లక్ష్మి జుట్టు మిరపపండులా ఎర్రబడింది.

నిజానికి ఈ ప్రశ్నకు పుట్టిననాడే ఎవరో జవాబు చెప్పి ఉంటారు. జపాన్‌లో కియోషి మసూయి, ఆయన సహచరులు ఒకరోజు పిల్ల మలద్వారంలోని సూక్ష్మమైన బొడిపెను బట్టి ఆడ, మగ చెప్పే పద్ధతిని కనుగొని, 1927లో ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ళ మహాసభలో వివరించారు. ఆరితేరినవారు గంటకు వెయ్యి పిల్లలకు పైగా వేరుచేస్తారు. పెట్టలు గుడ్ల ఫారాలకు వెళతాయి. ఈ జాతి పుంజులు గుడ్లు పెట్టవు, మాంసానికి తగినంతగా ఒళ్ళు చేయవు. కనుక అత్యధిక భాగాన్ని ఆనాడే చంపివేస్తారు. జర్మనీ 2022 నుండి దీనిని చట్టరీత్యా నిషేధించింది. మన వీధుల్లో రంగు పూసుకుని తట్టలకెక్కేవి సాధారణంగా అలా ఏరివేయబడిన పుంజుపిల్లలే. గులాబిరంగును చూడగానే నేను గ్రహించవలసింది.

ఈ సంగతి చదివిన తరువాత కూడా అమ్మాయికి చెప్పలేకపోయాను. ఒక తెల్లవారుజామున బల్ల కింద నుండి బొంగురుగా, సగంలో తెగిన కూత వినిపించింది. అది లేచి వచ్చి, పెట్టెవైపు, నావైపు మార్చి మార్చి చూసింది.

"నీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసు."

"అందుకే అంత తక్కువకు అమ్మాడా?"

ప్రస్తుతం అది డాబా మీద ఉంటోంది. పండుగకు ఎప్పుడు కోస్తారని పై వాటావారు రెండుసార్లు అడిగారు. పేరు మాత్రం లక్ష్మే.