అన్నం పెట్టడంతోనే సేవ పూర్తవుతుందా?

షాబాన్ నెలలో వికలాంగుల వసతి గృహానికి సరుకులు తీసుకెళ్ళాము. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనమూ బాగుంది. మెచ్చుకోబోతుండగా అసర్ అజాన్ వినిపించింది. చూపులేని ఒక పెద్దాయన వుజూకు లేచారు. పనికుర్రాడు ఆయన చేతిలోని చెంబు లాక్కుని గబగబా తానే నీళ్ళు పోసేశాడు. "కొళాయి ఎనిమిది అడుగులే బేటా, నేను వెళ్ళగలను" అన్నారాయన. కుర్రాడికి తీరికేదీ? 20 మందికి అతనొక్కడే. తప్పు అతనిది కాదు. బియ్యం బస్తాలు లెక్కపెట్టి ఇచ్చే మనం, పనివారెందరని ఎన్నడైనా అడిగామా?

చూపులేని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) గారికి దైవప్రవక్త (స) అజాన్ బాధ్యత అప్పగించారు. తాము ఊళ్ళో లేనప్పుడు మదీనాలో తమ ప్రతినిధిగానూ నిలిపారు. వికలాంగులకు సమాజంలో కలిసి జీవించే హక్కుందని 2016 నాటి చట్టమూ చెబుతోంది.

ఆ పెద్దాయన అడిగినవి మూడే: కొళాయి దాకా గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ, తలుపుకు లోపలి గడియ, తన చాయ్ తాను కాచుకునే అనుమతి. కడ్డీ కోసం ఇంతవరకు ఎవరూ చందా ఇవ్వలేదన్నారు వార్డెన్. మా మహల్లా సదఖాలో కొంత దానికే తీసిపెట్టాము. (జకాతు సంగతి ఆలిములను అడగండి.)