గోడపై బొమ్మ – దాని వెనుక శ్రమ

తెలంగాణలోని చెర్ల ప్రాంతానికి ఆనుకొని, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బీజాపూర్ జిల్లాలో పామేడు వున్నది. ఇటువంటి సరిహద్దు అటవీ గ్రామాలకు రోడ్డు, మంచినీరు, తపాలా, వైద్యం ఇవి ముందుగా కావాలి గాని, బహిరంగ స్థలాలలో చిత్రాలు, శిల్పాలు ఎందుకని మన మిత్రులలో కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం కూడా బస్తరులోనే వున్నది.

కొండగావ్ పట్టణం ఇత్తడి పోత శిల్పాలకు పేరొందినది. బొంబాయికి చెందిన చిత్రకారిణి నవజోత్ అల్తాఫ్ 1997 నుండి అక్కడ పనిచేయనారంభించారు. స్థానిక శిల్పులైన శాంతిబాయి, రాజ్‌కుమార్ కొర్రం, గెస్సూరామ్ విశ్వకర్మ ఆమెకు సహాయకులుగా కాక, సాటి కళాకారులుగా నిలిచారు. వారు కలసి చేపట్టిన పనులలో ముఖ్యమైనది ‘నల్‌పార్’. అనగా చేతిపంపు చుట్టూ నిర్మించిన చప్టా, అరుగులు, గోడలు.

ఈ పనికి పునాది బొమ్మ కాదు, బిందె. పదిహేను లీటర్లు పట్టే బిందె నిండితే నీటి బరువే పదిహేను కిలోలు. దానిని నేలనుండి ఒక్క ఊపున తలకెత్తుకొనే స్త్రీ నడుము ఏమౌతుందో వేరుగా చెప్పనక్కర లేదు. అందుచేత కళాకారులు ముందుగా నీరు మోసే స్త్రీలతోను, బాలికలతోను చర్చించారు. బిందెను మధ్యలో ఒకసారి ఆన్చుకొని, ఆపై తలకెత్తుకొనేందుకు వీలుగా తగిన ఎత్తున అరుగులు కట్టారు. పంపు చుట్టూ బురద నిలువకుండా నీరు పోయే దారి ఏర్పరచారు. ఆ గోడలనే స్థానికులకు పరిచితమైన ఆకృతులతో తీర్చిదిద్దారు. పిల్లలు కూడి ఆడుకొనేందుకు ‘పిల్లగుడి’ అనే కట్టడాలను కూడా నిర్మించారు. ఆ పేరు మన తెలుగు చెవికి సైతం పరాయిది కాదు.

పని చేసేవారి శరీరశ్రమను తగ్గించినది, వారిని సంప్రదించి చేసినది, చేసినవారి పేరును నిలిపినది – అట్టిదే ప్రజల కళ. తక్కినది గోడకు వేసిన రంగు మాత్రమే.

ఇది మన శాఖలకు సంబంధించని విషయమని భావించరాదు. 2017లో బీహారులోని మధుబని రైల్వే స్టేషను గోడలను వందమందికి పైగా స్థానిక చిత్రకారులు తమ సంప్రదాయ చిత్రాలతో నింపారు. వారిలో అధికులు స్త్రీలు. 2018లో రైల్వే మంత్రిత్వ శాఖ నిర్వహించిన స్టేషన్ల అలంకరణ పోటీలో బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లకు ప్రథమ బహుమతి, మధుబనికి ద్వితీయ బహుమతి లభించాయి. మధుబని చిత్రాలు చూడచక్కనివే. కాని ఆ పనికి కూలి లేదు. దానికి పెట్టిన పేరు ‘శ్రమదానం’.

ఇష్టపూర్వకంగా దానం చేసినవారిని మనం తక్కువ చేయబోము. అయితే రంగు ఖరీదుకు లెక్క చూపే సంస్థ, కుంచె పట్టిన చేతికి మాత్రం లెక్క చూపనవసరం లేదనుట ఏ న్యాయం? శ్రమకు గౌరవప్రదమైన పేరు తగిలించి వేతనాన్ని తగ్గించే పద్ధతి మనకు కొత్తది కాదు. గ్రామీణ డాక్ ‘సేవకులు’ అనే మాటలోని మర్మం తపాలా సోదరులకు బాగుగా తెలుసు. సేవ అన్నంత మాత్రాన కడుపు నిండదు.

ఈ ప్రశ్న రేపు బస్తరు ముంగిటికే రానున్నది. కొండగావ్ మీదుగా సాగే రావ్‌ఘాట్–జగదల్‌పూర్ రైలు మార్గానికి 2025లో ఆమోదం లభించింది. ఆ మార్గాన కొత్త స్టేషన్లు వెలుస్తాయి. వాటి గోడలపై ఆదివాసీ చిత్రాలు కూడా వెలుస్తాయనుటలో సందేహం లేదు. కాని చనిపోయినవారి స్మృతిగా దారి ప్రక్కన శిలలు, స్తంభాలు నిలిపి, చెక్కి, రంగులద్దిన ఆచారం బస్తరు ఆదివాసులది. బహిరంగ కళను వారికి ఎవరూ నేర్పనక్కర లేదు. వారిని అడిగి, వారికి చెల్లించి చేయించుకొనుటయే మనం నేర్వవలసినది.

కనుక స్టేషనైనా, తపాలా కార్యాలయమైనా, ఎక్కడ ఇట్టి పని తలపెట్టినా మన శాఖా సంఘాలు మూడు విషయాలను పట్టుబట్టి కోరాలి. మొదటిది, ఆ స్థలంలో పనిచేసే పోర్టర్లను, పారిశుధ్య కార్మికులను, టపా బంట్రోతులను, అక్కడికి వచ్చే ప్రజలను ముందుగా సంప్రదించాలి. రెండవది, కళాకారులకు నిపుణ కార్మికుని కూలికి తగ్గకుండా చెల్లించాలి. మూడవది, గోడపై అధికారి పేరుకన్న ముందు కళాకారుల పేర్లు వుండాలి.

పామేడుకు కావలసినది ముందుగా నీటిపంపే కావచ్చును. ఆ పంపు ప్రక్కన బిందె ఆన్చుకొనే అరుగు ఎంత ఎత్తున వుండాలో అక్కడి స్త్రీని అడిగిన నాడు, అభివృద్ధికీ కళకూ నడుమ వైరుధ్యం మిగలదు.